చివరి అంకం ఇవ్వను

ఆ రోజుల్లో, దొరల రాజ్యం ఇంకా పోని నలభైల్లో, నరసరావుపేటలో రచయిత అంటే పనీపాటా లేనివాడికి మర్యాదగా పెట్టిన పేరు. ఆ పేరు కోసం నేను చొక్కా మీద సిరా మరకలు కూడా ఉతకనిచ్చేవాణ్ణి కాదు. అలాంటిది, నాటకాల కంపెనీ యజమాని స్వయంగా నన్ను పిలిచి, కోటప్పకొండ తిరనాళ్ళకు నాటకం రాయమనేసరికి కాళ్ళు నేల మీద ఆనలేదు. ఆయన్ని అందరూ శాలువా మామ అనేవారు (రోహిణి ఎండల్లో కూడా ఆ శాలువా భుజం దిగేది కాదు).

చివరి అంకం తప్ప అంతా రాసి ఇచ్చాక, రిహార్సళ్ళు జరిగే పత్తి గోదాములో మామ ఒక స్టాంపు కాగితం నా ముందు పెట్టి సంతకం చెయ్యమన్నాడు. చదివాను. నాటకకర్తగా ఆయన పేరే వేసుకుంటాడట. ఇక మీదట నేను రాయబోయేవన్నీ కంపెనీవేనట.

"అన్నీ అంటే? నా పెళ్ళానికి రాసే ఉత్తరాలు కూడానా మామా?" అన్నాను (అప్పటికి నాకు పిల్లనిస్తామన్నవాళ్ళే లేరు).

"అన్నీ అంటే అన్నీనే! ఏందిరా నీ గోల? చానామంది పెట్టారు సంతకాలు. నువ్వేమన్నా పైనుంచి ఊడిపడ్డావా?"

"పెట్టను. నా పేరు లేని నాటకానికి చివరి అంకమూ లేదు," అని లేచి వచ్చేశాను.

మామ పంతానికి పోయి చివరి అంకం తానే రాశాడు. అందులో దేవుడు ప్రత్యక్షమై కథానాయకుడికి శాలువా కప్పుతాడు. కథానాయకుడి వేషం వేసే మీసాల బాబాయి అది విని చేతిలోని కత్తి అవతల పారేశాడు.

"ఇంతసేపు కత్తి తిప్పింది శాలువా కప్పించుకోడానికా? నేనన్నా చావాలి, శత్రువన్నా చావాలి! ఆ పిల్లోడి అంకం తెస్తేనే మొహానికి రంగేసుకునేది."

తిరనాళ్ళు ముంచుకొచ్చాయి. మామ మా ఇంటికొచ్చి, అరుగు మీద కూర్చుని, స్టాంపు కాగితంలోని ఆ రెండు షరతులూ నా కళ్ళ ముందే కొట్టేశాడు.

"ఒరేయ్, నీ అంత మొండిఘటాన్ని యాడా చూళ్ళేదురా. ఇప్పుడన్నా ఇయ్యి."

"గోడ కాగితాల మీద నా పేరు పడ్డాక ఇస్తాను."

పడింది, ఒక అక్షరం తప్పుతో. అయినా ఏ పనికి వెళ్ళినా ఆ గోడ ముందు నుంచే వెళ్ళాను. కొండ కింద ఆట రోజున బాబాయి ఎంత వీరోచితంగా చచ్చాడంటే, జనం వన్స్‌మోర్ కొడితే లేచి మళ్ళీ చచ్చాడు.

ఇప్పుడు ప్రచురణకర్తలు పంపే ఒప్పందాలు చదివే ఓపిక లేక, వేలు పెట్టి చూపించిన చోటల్లా సంతకం గీకేస్తున్నాను. మొన్న అలా గీకబోతుంటే ఎందుకో ఆనాడు సంతకం పెట్టనన్న కుర్రాడు గుర్తొచ్చి నవ్వొచ్చింది. కలం మూసేసి, "చదివి చెబుతాను, రేపు రండి," అన్నాను.