మేం వెనక్కి అడిగిన వాచీలు

మొన్న బ్యాంకులో వేలిముద్రల యంత్రం నా వేలిని గుర్తుపట్టలేదు. బొటనవేలు, చూపుడువేలు, ఆ చేతివీ ఈ చేతివీ అన్నీ పెట్టి చూశాక, కౌంటర్లో అమ్మాయి విసుగు దాచుకుంటూ, చెమటేమో, తుడుచుకుని పెట్టండి ఆంటీ, అంది. ఆ పిల్లకి అదొక మామూలు మాట. నాకు మాత్రం కొంగుతో వేళ్లు తుడుచుకుంటుంటే, ఎన్నో ఏళ్ల కిందటి గాభరా ఒకటి గుర్తుకొచ్చింది. రోజూ పొద్దున్నే వాచీకి కీ ఇచ్చి, చెవి దగ్గర పెట్టుకుని విని, అప్పుడు చేతికి కట్టుకున్న తరం మనది కాబట్టి, మీకు చెప్పుకుంటే అర్థమవుతుందనిపించింది.

డెబ్బైల చివర్లో నేను విశాఖపట్నం పాత ఊళ్లోకి కోడలిగా వచ్చాను. మా కన్నవారిది ఆనందపురం పక్కన పూలతోటల పల్లె. మామగారు పోర్టుకి వచ్చే ఓడల గడియారాలు బాగుచేసి పేరు తెచ్చుకున్న మనిషి. ఎన్నాళ్లని ఇంకొకరు చేసినవి బాగుచేస్తాం, మన చేత్తో మనమే వాచీ చేద్దాం అన్న పట్టుదల ఆయనకి ఎప్పుడు పుట్టిందో గానీ, నేను వచ్చేసరికే ముందుగదంతా కార్ఖానా అయిపోయింది. చక్రాల ఇరుసులు ఆనుకుని తిరిగే చిన్న రాళ్లు, స్ప్రింగులు బొంబాయి నుంచి తెప్పించేవారు. కేసు, డయలు, ముళ్లు, కొన్ని చక్రాలు మావారూ ఆయనా కలిసి చిన్న లేతు మిషను మీద చేసేవారు. నేను మల్లెలు కట్టే వేగం చూసి, నా వేళ్లు వణకవని మామగారే కనిపెట్టి, వెంట్రుక కన్నా సన్నగా చుట్టలు చుట్టుకుని ఉండే స్ప్రింగుని వాచీలో కూర్చోబెట్టే పని నాకు అప్పగించారు. కోడలు గుమ్మం పక్క బల్ల ముందు కూర్చోవడమేమిటని అత్తగారు కొన్నాళ్లు మూతి ముడుచుకున్నా, తరవాత ఆవిడే నాకు మజ్జిగ తెచ్చి ఇచ్చేవారు.

ఏడాదిన్నర పట్టింది మొదటి ముప్పై రెండు వాచీలకి. డయలు మీద పేరు బదులు డాల్ఫిన్స్ నోస్ కొండ ఆకారం సన్నటి గీతగా గీసేవారు మావారు. పోర్టు ఉద్యోగులు, స్టీలు ప్లాంటు పనుల్లోకి వచ్చినవాళ్లు, ఒకరి చేతికి చూసి ఒకరు వచ్చి తీసుకున్నారు. మూడు నెలలు తిరక్కుండానే ఒకటి ఆగిపోయి వచ్చింది. మామగారు వెనకమూత తీసి, కంటికి భూతద్దం పెట్టుకుని చూసి, దాన్ని నా ముందు పెట్టారు. స్ప్రింగు మీద సూదిమొనంత ఎర్రటి మచ్చ. తుప్పు!

ఆ వారంలోనే ఇంకొకటి వచ్చింది. కొందరి చెమట తగిలితే చాలు, ఉక్కు తుప్పు పడుతుందని మామగారు ఎప్పుడో చెప్పిన మాట నాకు గుర్తుకొచ్చి నా వేళ్లు చూసుకున్నాను. స్ప్రింగుని పట్టకారుతో తప్ప ముట్టుకోకూడదు. కానీ పట్టకారు జారినప్పుడు రెండు మూడుసార్లు వేళ్లతోనే సర్దాను, ఎవరికీ చెప్పలేదు. చివరి వాచీలు కూర్చేటప్పటికే నెల తప్పాను, అప్పటికి నాకు నాలుగో నెల. అరచేతులు ఊరికే తడిసిపోయేవి. అత్తగారు ఏ ఉద్దేశమూ లేకుండా, నీ చీర పిన్నీసులన్నీ తుప్పేనే, అన్న రోజున నేను వంటింట్లోకి వెళ్లి ఏడ్చాను.

అమ్మినవన్నీ ఆగిపోకముందే వెనక్కి తెచ్చేద్దాం అన్నారు మామగారు. ఆగినవి వస్తే బాగుచేద్దాం గానీ, నడుస్తున్నవాటిని మనమే వెళ్లి అడిగితే ఉన్న పేరు కాస్తా పోదా అని మావారు వాదించారు. మామగారు వినలేదు. ఆదివారాలు నేనూ మావారూ సిటీ బస్సులు పట్టుకుని మద్దిలపాలెం, గాజువాక, ఎక్కడెక్కడికో వెళ్లి తలుపులు తట్టాం. గాజువాకలో ఒకాయన చెయ్యి వెనక్కి దాచుకుని, "నడిసే వాచీ ఇచ్చీమంటారేటి బావా? నాను ఇయ్యను," అని మావారి మీద నవ్వేశాడు. మావారు నవ్వలేకపోయారు. ఆ మనిషి మణికట్టు వైపు చూస్తూ, ఇది ఏ రోజున ఆగుతుందో, ఆ రోజున ఈయన ఏ ఇంటర్వ్యూకో ఆసుపత్రికో ఆలస్యమవుతాడేమో అనుకున్నాను. తిరుగు బస్సులో ఇక దాచుకోలేక, ఇంటికి రాగానే చెప్పులు కూడా విడవకుండా మామగారి ముందు నిలబడ్డాను.

"మావయ్యా, నా సెయ్యే. పట్టకారు జారితే ఏళ్లతో ముట్టుకున్నాను. సెప్పలేదు."

ఆయన కోప్పడలేదు. "ఏడవకమ్మా. సెయ్యో, ఉప్పుగాలో, సూస్తే తెలిసిపోద్ది కదా," అని, పాత గడియారం స్ప్రింగుని మూడు ముక్కలు చేసి తళతళలాడేలా రుద్ది, నాకొకటి, మావారికొకటి ఇచ్చి, తనొకటి తీసుకుని, కాసేపు పిడికిట్లో పట్టుకోమన్నారు. తరవాత మూడు మందు సీసాల్లో వేసి, పేర్లు అంటించి అలమారలో పెట్టారు. ఆ వారం రోజులూ నేను ఆ అలమార వైపు తలెత్తి చూడలేదు. కడుపులో బిడ్డ మొదటిసారి కదిలింది ఆ రోజుల్లోనే, కానీ దాన్నైనా సంతోషంగా ఎవరికీ చెప్పుకోలేకపోయాను.

ఎనిమిదో రోజు పొద్దున్న సీసాలు దించారు. నాది తళతళలాడుతోంది. మావారిదీ అంతే. మామగారిది మాత్రం వేళ్ల గుర్తులతో సహా ఎర్రబడింది.

నేను కూర్చోబెట్టిన ప్రతి స్ప్రింగునీ చివరిసారి వేలికొనతో సర్ది చూసేది ఆయనే. ముప్పై ఏళ్లు ఓడల గడియారాల్లో తిరిగినా ఎక్కడా తుప్పు పట్టించని చెయ్యి అది, పట్టకారు నియమం దానికి లేదు. వయసుతోనో, ఆ మధ్య మొదలైన చక్కెర జబ్బుతోనో మరి, చెమట మారిపోయింది. ఆయన ఆ ముక్కని భూతద్దంలో చాలాసేపు చూశారు. పంచెతో చేతులు తుడుచుకుని, బల్ల మీది తన పట్టకారుని నా వైపు జరిపి, "ఇకమీదట ఆకరిదాకా నువ్వే ఎట్టమ్మా. నాను సెవితో విని సెప్తాను," అన్నారు. నాది కాదని తేలిన ఉపశమనం నాకు ఒక్క క్షణం కూడా నిలవలేదు. మావారు లేతు దగ్గరికి వెళ్లి అటు తిరిగి నిలబడిపోయారు.

దొరికిన వాచీలన్నిటికీ స్ప్రింగులు నేనే మార్చాను. గాజువాక ఆయన, వాచీ ఆగిపోయాక తనే వచ్చి, నవ్వినందుకు నొచ్చుకుని, ఇంకో ఇద్దరికి మా ఇల్లు చూపించాడు. ఆ తరవాత మరో ఆరేడేళ్లు వాచీలు చేశాం. మామగారు ఒక్కదాన్నీ ముట్టుకోకుండా, నేను పట్టుకుంటే చెవి ఆనించి, కళ్లు మూసుకుని వినేవారు. ఎనభైల్లో ఓడల వాళ్లు తెచ్చిన బ్యాటరీ వాచీలు పాత ఊరి వీధుల్లో గుట్టలుగా అమ్ముడుపోయాయి. మా బల్ల మీదికి బ్యాటరీలు మార్చే పని వచ్చి చేరింది. కొన్నాళ్లకి అదీ పోయింది.

ఇప్పుడు ఇంట్లో ఏ వస్తువు పాడైనా పిల్లలు ఫోనులో ఫిర్యాదు పెడతారు, మర్నాటికి కొత్తది వచ్చేస్తుంది, పాతది ఎందుకు పాడైందో ఎవరూ అడగరు. సుఖంగానే ఉంది, కాదనను. ఆ రోజుల్లో మేం పడిన భయం ఎవరూ పడనక్కర్లేదు కూడా. అయినా, వస్తువు చేసిన మనిషి ఆదివారం పూట బస్సెక్కి వచ్చి, మన తలుపు తట్టి, మీకు తెలియకముందే చెబుతున్నాం, తప్పు మాది అని గుమ్మంలో తల వంచుకుని నిలబడటం, ఈ ఊళ్లో ఇంకెవరైనా చూస్తారా అని మాత్రం అనిపిస్తుంది.