భయస్తురాలు రూతమ్మ టీచర్

రూతమ్మ టీచర్ ఇక లేరన్న వార్తను ఆదివారం ఉదయం చివరి రోజుల్లో ఆమెను చూసుకున్న మేనకోడలు సుజాత ఫోన్‌లో చెప్పింది. "అత్తమ్మ పోయింది టీచర్. చాయ్ పెట్టి లేపితె లేవలే" అని ఫోన్ పెట్టేసింది. నేను గోడకు ఆనుకుని నిలబడ్డాను. దుఃఖం తర్వాత వచ్చింది. ముందు వచ్చింది భయం. నా భయాన్ని సిగ్గుపడకుండా చెప్పుకోగలిగిన ఒకే ఒక్క మనిషి వెళ్లిపోయిందని అర్థమైన క్షణమది.

ఇబ్రహీంపట్నం హైస్కూల్లో మేమిద్దరం ఏళ్ల తరబడి సహోపాధ్యాయినులం. ఆమె సాంఘికశాస్త్రం, నేను తెలుగు. సంస్మరణ వ్యాసాలలో మరణించిన వారి ధైర్యసాహసాలను కీర్తించడం పరిపాటి. నేనలా రాస్తే ఆమె ఆత్మ నొచ్చుకుంటుంది. రూతమ్మ టీచర్ మహా పిరికివారు. ఉరిమితే స్టాఫ్‌రూమ్‌లో కుర్చీ గోడవైపు జరుపుకునేవారు. తనిఖీ అధికారి వస్తున్నాడంటే ఆమె చేతిలో సుద్దముక్క విరిగేది. ఇంటికి తాళం వేసి వీధి మలుపు దాకా వచ్చి, మళ్లీ వెనక్కి వెళ్లి లాగి చూసుకునేవారు. నేను నవ్వితే, "నవ్వు సరళా. నాకు భయమైతది, అయితదని చెప్తున్న. అండ్ల దాసుకునేటిదేమున్నది?" అనేవారు.

ఇంతటి భయస్తురాలు ఒక్క పనికి మాత్రం ఒంటరిగా బయలుదేరేవారు. సెలవుదినాల్లో హైదరాబాద్ బస్సెక్కి, ఆబిడ్స్ ఫుట్‌పాత్‌ల మీద పరిచే పాత పుస్తకాల మధ్య పాత పోస్టుకార్డులు, ఫొటోలు వెతికేవారు. వెనకటి దొరతనంలో అచ్చయిన బొమ్మల కార్డులు, మిషనరీలు స్వదేశాలకు పంపుకున్నవి, స్టూడియోలు మూసేసిన వారు తూకానికి అమ్ముకున్నవి. నగర వైభవ చిత్రాలను ఆమె ముట్టేవారు కాదు. "చార్మినార్‌కు ఫొటో దీసేటోళ్లు మస్తుమంది. మన సంతకెవరున్నరు?" అనేవారు. ఇబ్రహీంపట్నం వారపు సంత, యాచారంలో ఎడ్లబండ్ల వరుస, కోహెడలో ఒక పెళ్లి గుంపు, అబ్దుల్లాపూర్‌మెట్ దగ్గర ఆగిన బస్సు చుట్టూ తలపాగాల మనుషులు. వాటిని తరగతికి తెచ్చి పిల్లల చేత ఊళ్లను గుర్తు పట్టించేవారు. ఒకమ్మాయి ఒక ముఖాన్ని వేలితో చూపి, "గీమె మా ముత్తవ్వ లెక్కనే ఉన్నది టీచర్" అంటే, ఆ రోజంతా ఆమె ముఖం వెలిగిపోయింది.

ఆ పటాలలో ఒకటి ఆమె జీవితాన్ని కుదిపేసింది.

విమానాశ్రయం కడతారన్న మాట పుట్టినప్పటి నుంచి మా ప్రాంతపు నేలకు జ్వరం పట్టుకుంది. కొంగరకలాన్ వైపు చేలల్లో రంగుజెండాలు మొలిచాయి. నిన్నటి జొన్నచేను తెల్లారేసరికి సున్నపు గీతల ప్లాట్లయ్యేది. అన్నదమ్ములు మాట్లాడుకోవడం మానేశారు. కొత్త బండి వీధిలో ఆగితే, అది ఎవరింటి ముందు ఆగిందోనని కిటికీల వెనక నుంచి చూసే కాలం వచ్చింది.

చెరువు కట్ట అవతల ఒక వాలునేల ఉంది. రూతమ్మ టీచర్ వాడవాళ్లు తరతరాలుగా తమవారిని పూడ్చిపెట్టుకున్న చోటది. వాళ్లమ్మ సమాధీ అక్కడే. ఒక రోజు జేసీబీ వచ్చి అంచునున్న సమాధిరాళ్లను ఎత్తిపోసింది. ప్లాట్లు వేసే వెంచర్ వాళ్లు, అది సాగులేని పడావు భూమి, అక్కడ సమాధులెన్నడూ లేవన్నారు. వాడ పెద్దలు తహసీల్దారు ఆఫీసుకు పోతే ఆధారమేదని అడిగారు.

ఆధారం రూతమ్మ టీచర్ దగ్గరుంది. ఒక మిషనరీ తీయించిన పాత బొమ్మకార్డు. వాలు నిండా సమాధిరాళ్లు, వాటి నడుమ తెల్లచీరల్లో కూర్చున్న స్త్రీలు, వెనక చెరువు కట్ట, తూము. చోటు విషయంలో సందేహానికి తావు లేదు. ప్రార్థన అయిపోయాక చర్చిలో దాన్ని చూపించారామె. ఆ మాట ఊరు దాటడానికి ఎంతోసేపు పట్టలేదు.

ఆ వారంలోనే ఒక సాయంత్రం ఇద్దరు మనుషులు మిఠాయి డబ్బాతో ఆమె ఇంటికి వచ్చారు. పరీక్ష పేపర్లు దిద్దుతూ నేనక్కడే ఉన్నాను. ఇద్దరూ ఎంతో మర్యాదగా మాట్లాడారు.

"టీచరమ్మా, మీ దగ్గర పాత ఫొటో ఒకటున్నదట. జర ఇస్తె పెద్దగ జేపిచ్చి, అద్దం కట్టిచ్చి తెచ్చిస్తం" అన్నాడు పెద్దవాడు.

"చినిగిపోతది. ఇయ్య" అన్నారామె. ఆ గొంతు నాకే సరిగా వినపడలేదు.

అతడు ఇల్లంతా కలియజూశాడు. "ఒక్కలే ఉంటరు. ఇంటి నిండ కాయితాలు, అట్టపెట్టెలు. కరెంటు వైర్లు సుత పాతగైనయి. జర పైలం టీచరమ్మా" అని లేచాడు. డబ్బా బల్లమీదే వదిలి ఇద్దరూ వెళ్లిపోయారు.

బండి చప్పుడు దూరమయ్యాక ఆమె నేలమీద కూలబడ్డారు. మంచినీళ్లిస్తే గ్లాసు పళ్లకు కొట్టుకుంది. నా పరిస్థితీ అంతే. "ఇచ్చేద్దామక్కా. మనతోనయ్యే పని గాదిది" అన్నాను.

"ఇచ్చెయ్యాలెననే ఉన్నది సరళా. కాళ్లల్ల సత్తువ లేదు" అన్నారు. గ్లాసు పక్కన పెట్టి, "ఇస్తె ఈ భయం పోతది. మా అమ్మ ఏడున్నదో చూపిద్దామంటె చోటే లేదన్న భయం మొదలైతది. గది నేను మొయ్యలేను" అన్నారు.

మరునాడు ఇద్దరం సెలవు పెట్టి హైదరాబాద్ బస్సెక్కాం. కార్డును రెండు అట్లాసుల నడుమ పెట్టి, సంచిని ఒళ్లో అదుముకుని కూర్చున్నారామె. మా వెంటే ఎక్కిన ఒక మనిషి సరిగ్గా మా వెనక సీట్లో కూర్చున్నాడు. ఆమె నా మణికట్టు పట్టుకుని, తుర్కయంజాల్‌లో అతడు దిగేదాకా వదల్లేదు. అతడు ఎవరో పాపం, తన పనిమీద పోయే మనిషే కావచ్చు. ఆ రోజుల్లో మాకు ప్రతి అపరిచితుడూ వాళ్ల మనిషే.

కోఠిలో ఒక స్టూడియోలో ఆ పటానికి పోస్టుకార్డు సైజులో ప్రతులు తీయించారు. పని జరిగినంతసేపూ కార్డును కళ్లముందు నుంచి కదలనివ్వలేదు. ఆ తర్వాత ఒక ఇరానీ హోటల్లో కూర్చుని వాడలోని ప్రతి ఇంటికీ ఒక్కొక్కటి రాశారు. "ఈరమ్మ మనుమరాలికి: మీ అవ్వ ఈడనే ఉన్నది." "యేసోబు కొడుకులకు: మీ నాయన ఈడనే ఉన్నడు." ఎందుకిదంతా అంటే, "ఒక్కింట్ల ఉంటె ఒక్క ఇల్లే కాలుతది. అందరిండ్లల్ల ఉంటె ఎన్ని కాలవెడ్తరు?" అన్నారు. అక్షరాలు వంకరపోయాయి. మా ఊరి పోస్టాఫీసులో ఎవరైనా చూస్తారని నగరంలోనే వేర్వేరు డబ్బాల్లో వేశాం.

కార్డులు చేరిన తర్వాత జేసీబీ మళ్లీ వచ్చింది. ఈసారి వాడంతా అక్కడుంది. ప్రతివారి చేతిలో ఒక కార్డు. డ్రైవర్ ఇంజన్ ఆపేశాడు. అధికారి వచ్చి పటాన్నీ తూమునూ మార్చిమార్చి చూశాడు. చివరికి కొలతలు వేయించారు. ఆ కొలతల్లో వాలులో సగం వెంచర్ రోడ్డు కిందికి పోయింది. మిగిలిన సగానికి హద్దురాళ్లు పాతారు.

ఆ దృశ్యాన్ని రూతమ్మ టీచర్ చూడలేదు. "నేను రాను. నువ్వు చూసొచ్చి చెప్పు" అని గొళ్లెం పెట్టుకుని లోపలే కూర్చున్నారు. నేను వెళ్లి చెబితే తలుపు తీయకుండానే విన్నారు. ఆ తలుపు వెనక చాలాసేపు ఏడ్చారు.

కొన్నాళ్లకు, మేం బడిలో ఉండగా, ఆమె ఇంటి వెనకగది కాలిపోయింది. సంత, ఎడ్లబండ్లు, కోహెడ పెళ్లి, అన్నీ బూడిదయ్యాయి. కరెంటు వైర్ల వల్లే అన్నారందరూ. మేమూ అవునన్నాం. ఎవరి మీదా ఫిర్యాదు చేయలేదు. ఆమె తడిసిన బూడిదలో వేళ్లుపెట్టి వెతుకుతూ, "పానం బోలే గద. గదే చాలు" అన్నారు. ఆ తర్వాత ఆబిడ్స్ వెళ్లడం మానేశారు. ఇంట్లో ఒక్కరే ఉన్నప్పుడు ఎండాకాలమైనా కిటికీ తెరిచేవారు కాదు. సంకల్పం నెరవేరింది కనుక భయం తొలగిందని చెప్పడానికి నాకు మనసొప్పదు. తొలగలేదు. దానితోనే ఇన్నేళ్లు బతికారు.

పోయిన గురువారం చూడబోయాను. మంచంలో చిన్నపిల్లలా ముడుచుకుని ఉన్నారు. "ఇప్పుడు సుత భయమైతున్నదా అక్కా?" అని అడిగాను. "అవ్. మస్తు అయితున్నది. జర సేపు కూసో" అన్నారు. పొద్దు వాలేదాకా కూర్చున్నాను. అదే మా ఆఖరి కలయిక.

ఆదివారం సాయంత్రం ఆమెను వాళ్లమ్మ పక్కనే పూడ్చిపెట్టాం. పాస్టరు ప్రార్థన ముగించేసరికి నా చూపు హద్దురాళ్ల మీద పడింది. నాలుగైదు రాళ్లు పక్కకు జరిగి ఉన్నాయి. లోపలివైపు, కొత్త సమాధికి దగ్గరగా, ప్లాట్ల కొలతలకు కొట్టే ఎర్రరంగు కొయ్యమేకులు దిగగొట్టి ఉన్నాయి. సుజాతా చూసింది. వాడ పెద్దలూ చూశారు. ఒక్కొక్కరే దారి పట్టారు.

అక్కా, ఇన్నేళ్లూ నువ్వు ముందు భయపడేదానివి, నీ చాటున నేను భయపడేదాన్ని. ఆ చాటు ఇక లేదు. నీవంటి వారు మాకు మళ్లీ దొరకరు. నీకు నా కన్నీటి అంజలి.

ఇంటికి వెళదామని చెప్పులు వెతుక్కుంటుంటే, సుజాత వంగి మొదటి మేకును రెండు చేతులతో పట్టుకుని ఊపసాగింది. అది రాలేదు. నేను వెళ్లి పక్కన కూర్చుని పట్టుకున్నాను.