చూడకుండానే నడుస్తదన్నాను

మా బావకు రొంపిచెర్ల రోడ్డులో మిర్చి కోల్డ్ స్టోరేజీ ఉంది. గదుల్లో చలి తగ్గితే ఆఫీసులో గంట మోగేలా ప్రోగ్రాం రాసే పని నాకిమ్మని అక్క ఆయన్ని చాలాకాలం బతిమాలింది. ఇంట్లో కూర్చుని ఇలాంటి చిన్న పనులే చేస్తుంటాను.

ఇలాంటి ప్రోగ్రాం నడిపే చిన్న కంప్యూటర్ బోర్డు కొత్తది ఏదైనా సరే, ముందు దాని ఆపరేటింగ్ సిస్టమ్‌ను అడగాలి. ఒకేసారి నాలుగు పనులు నడిపే థ్రెడ్లు ఉన్నాయా? ఒక పని ఇంకోదానికి కబురు పంపే మెసేజ్ క్యూలు ఉన్నాయా? లేకపోతే మైనస్ ఒకటి అని జవాబిస్తుంది. అందుకే ఎవరేమడిగినా 'చూసి చెబుతాను' అనడం నాకు అలవాటు.

మేనకోడలి ఓణీల ఫంక్షన్లో బావ అన్నాడు: "మా బామ్మర్దిని అన్నం తిన్నావా అనడిగినా చూసి చెబుతానంటాడు." భోజనాల బంతి బంతంతా నవ్వింది. ఎవరెవరు నవ్వారో ఇప్పటికీ పేరుపేరునా చెప్పగలను.

తర్వాత ఆయన అక్క మాట మీద పని నాకే ఇచ్చి, ఒక చవక బోర్డు కొని ఆఫీసు గోడకు బిగించాడు. "దీని మీద నడిచిద్దా?" అని గుమాస్తా ముందే అడిగాడు.

"నడుస్తది బావా" అన్నాను. మళ్ళీ వెళ్ళి పరీక్షిస్తే నాకు అనుమానం ఉందని తెలిసిపోతుంది. ప్రోగ్రాం నా లాప్‌టాప్‌లో నడిచింది కదా, చాలనుకున్నాను.

చూపించే రోజు బావ మాచర్ల నుంచి ఇద్దరు స్టోరేజీ ఓనర్లను పిలిచాడు. అక్క మజ్జిగ తెచ్చింది. ప్రోగ్రాం బోర్డులోకి ఎక్కించి, ఒక గది తలుపు బార్లా తెరిపించాను. తెర మీద వేడి అంకె పెరుగుతూ పోయింది. గంట మోగలేదు. అప్పుడు అందరి ముందూ సిస్టమ్‌ను అడిగాను. థ్రెడ్లు ఉన్నాయంది. మెసేజ్ క్యూలకు మైనస్ ఒకటి.

"ఏందయ్యా?" అన్నాడు బావ.

"గదుల్ని చూస్తంది బావా. చూసింది గంటకు చెప్పే దారే ఇందులో లేదు."

"అంటే కళ్ళున్నయ్, నోరు లేదు" అన్నాడు మాచర్ల ఓనరు ఒకాయన.

బావ అక్క వైపు తిరిగాడు. "ఏమే, చానా తెలివిగలోడన్నావే నీ తమ్ముణ్ణి! మిర్చి బూజు పట్టినాక చెప్తాడంటనా?"

అక్క ఇంకా తాగని గ్లాసులు కూడా పళ్ళెంలో సర్దేసుకుంది.

ఆ వారంలోనే అలాంటి బోర్డే ఇంకోటి ఇంటికి తెప్పించి, ముందుగా అన్నీ అడిగి, ఉన్నవాటితోనే ప్రోగ్రాం తిరగరాశాను. గంట మోగింది. బావకు చూపించమని వీడియో తీసి అక్కకు పంపాను. చూసినట్టు తెలిసింది గానీ జవాబు రాలేదు. ఉడుక్కుని ఫోన్ చేశాను.

"ఆయన నలుగుర్లో అంత మాటంటే నువ్వు పల్లెత్తు మాటనలేదు. ఇప్పుడన్నా చూపించొచ్చుగా?"

"బాగానే మోగతందిరా, చూశా" అంది. "నేనింకోసారి ఆయన్నడగలేను. ఆ రోజు కాణ్ణుంచి వంటింట్లో ఉప్పు ఎక్కడుందో చెప్పినా, నీ మాట నమ్మొచ్చా అని నవ్వుతున్నాడు" అంది.

బావ మీద చెప్పాల్సినవి ఇంకా చాలా ఉన్నాయి. ఒక్కటీ చెప్పలేకపోయాను. "సరే అక్కా, వద్దులే" అన్నాను.