ఆమె పేరు పిలవనివ్వలేదు

నా భార్య పాటను నేనే ఆపేశాను. చెయ్యెత్తి కాదు, కేకలేసి కాదు. పక్కన కూర్చుని, మెత్తగా, రెండు మాటలతో ఆపేశాను. ఆ సంగతి ఆమెకు ఈ రోజు వరకూ తెలియదు. ఎన్నో ఏళ్లుగా ఆ బరువు నా ఒక్కడి మీదే ఉంది. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీతో చెప్పగలుగుతున్నాను.

మాది గోదావరిఖని. బొగ్గు బాయిలో నా పని, కంపెనీ క్వార్టర్‌లో మా కాపురం. నా భార్యను ఇక్కడ సుగుణ అంటాను. అసలు పేరు అది కాదు. సుగుణ పాడేది. ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. నాట్లేసే పొలాల్లో వాళ్లమ్మ వెనకాల వంగి నడుస్తూ పట్టుకున్న పాటలు. బతుకమ్మనాడు మా క్వార్టర్ల లైనులో ఆడవాళ్లు ఆమె వచ్చేదాకా మొదలుపెట్టేవాళ్లు కాదు. నేను షిఫ్టు దిగి వస్తుంటే ఎవరో ఒకరు "సుగుణక్క మొగడు" అని నన్ను చూపించేవారు. నేను నవ్వేవాణ్ణి. లోపల ఎక్కడో గుచ్చుకునేది. అది అసూయ అని అప్పుడు నాకు తెలుసా? తెలిసే ఉంటుంది.

మా అమ్మాయి మౌనిక చిన్న తరగతిలో ఉన్నప్పుడు సెలవు పెట్టి ముగ్గురం హైదరాబాద్ పోయాం. జూ చూశాం. చార్మినార్ దగ్గర గాజులు కొన్నాం. హుస్సేన్‌సాగర్‌లో పడవెక్కితే మౌనిక భయపడి తల్లి కొంగు పట్టుకుంది. సుగుణ దాని చెవిలో చిన్నగా పాడింది. ముందు సీట్లో ఉన్న ముసలాయన తల తిప్పి, పాట అయిపోయేదాకా అలాగే విన్నాడు. ఆ ప్రయాణంలో మేం నిజంగా సంతోషంగా ఉన్నాం. ఆ మాట కూడా చెప్పకపోతే ఇదంతా అబద్ధమే అవుతుంది.

చివరి రోజు ఒక పెద్ద మైదానంలో సంగీత ఉత్సవానికి వెళ్లాం. పొద్దంతా పాటలే. అక్కడ పెద్ద వేదిక పక్కన ఒక చిన్న వేదిక ఉంది. దాని మీద మధ్యాహ్నం ఎవరైనా పాడవచ్చట. మెడలో కార్డు వేసుకున్న ఒక అమ్మాయి జనంలో తిరుగుతూ, "ఎవరైనా పాడతారా?" అని అడుగుతూ మా దగ్గరికొచ్చింది. సుగుణ నా వైపు చూడలేదు. టక్కున తన పేరు చెప్పేసింది.

"మీ వంతు రాగానే నేనే వచ్చి తీసుకెళ్తాను, ఇక్కడే ఉండండి" అని ఆ అమ్మాయి వెళ్లింది. సుగుణ మొహంలోకి ఒక వెలుగు వచ్చింది. మా పెళ్లిలో కూడా ఆ వెలుగు నేను చూడలేదు.

కాసేపటికి మౌనిక బాత్రూం అంటే తల్లీకూతుళ్లు అటు పోయారు. వాళ్లు జనంలో కలిసిపోయారో లేదో, ఆ అమ్మాయి వచ్చింది.

"సుగుణ గారెక్కడ సార్? ఇప్పుడు ఆవిడే పాడాలి."

"ఆమె పాడదట," అన్నాను. "మేం పోతున్నం."

ఆ అమ్మాయి "అయ్యో" అనుకుంటూ వెళ్లిపోయింది.

ఎందుకన్నాను? ఆ చదువుకున్న జనం, ఆ బట్టలు, ఆ ఇంగ్లీషు మాటలు, వాళ్ల మధ్య మా నాటుపాట వింటే నవ్వుతారని భయపడ్డానని చాలా ఏళ్లు నాకు నేనే చెప్పుకున్నాను. అది నిజం కాదు. వాళ్లు నవ్వరని నాకు తెలుసు. వాళ్లు చప్పట్లు కొడతారని భయపడ్డాను.

సుగుణ మొహం కడుక్కుని, తల సవరించుకుని వచ్చింది.

"నేనటు పోయినప్పుడు ఆ పిల్ల గిట్ల వచ్చిందా?"

"రాలే. కూసో, వస్తది."

కూర్చుంది. నీళ్లు గుక్కెడు గుక్కెడుగా తాగింది. మాటలు మరిచిపోకుండా లోలోపల అనుకుంటుంటే పెదవులు కదులుతున్నాయి. ఎవరెవరో పాడారు, కొందరు బాగా కూడా పాడలేదు. ఒక్కో పాట అయిపోగానే ఆమె నిటారుగా కూర్చునేది. నేను లేచి ఆ అమ్మాయిని వెతికి, తప్పయింది, మా ఆమె పాడుతుంది అని చెప్పి ఉండవచ్చు. ఆ పొద్దంతా ఎప్పుడైనా చెప్పి ఉండవచ్చు. మౌనికకు ఐస్‌క్రీం కొనడానికి మాత్రం లేచాను.

ఎండ వాలింది. చిన్న వేదిక మీద మైకులు తీసేస్తున్నారు. సుగుణ లేచి నిలబడింది.

"ఏమయ్య, ఒక్కసారి పోయి అడుగుదమా? మరిచిపోయిన్రేమో."

"అడిగితె ఇజ్జత్ పోతది. మన అసొంటోళ్ల పాటలు ఈళ్లకెందుకు? పిలిచేదుంటే పిలవకపోదురా?"

మొదటి అబద్ధం నోరు జారిందనుకుంటే అనుకోవచ్చు. ఈ మాట మాత్రం ఆలోచించి, తూచి అన్నాను. ఆమె తన చెప్పుల వైపు చూసుకుంది. చుట్టూ కూర్చున్న వాళ్ల వైపు చూసింది. "గంతే గావచ్చు" అని కూర్చుంది. పెద్ద వేదిక మీద లైట్లు వెలిగాయి. జనంతో పాటు తనూ చప్పట్లు కొట్టింది.

ఆ ఏడు బతుకమ్మకు లైనులో వాళ్లు ఎంత బతిమాలినా సుగుణ పాట ఎత్తుకోలేదు. వాళ్ల వెనక నిలబడి చప్పట్లు కలిపింది, అంతే. మరుసటేడు వాళ్లు అడగడం మానేశారు. ఇంట్లో కూనిరాగం కూడా ఆగిపోయింది. తర్వాత బడిలో మౌనికను పాటల పోటీకి ఎంపిక చేస్తే, "వద్దు బిడ్డా. పేరిచ్చి ఎదురుసూసుడు నీకెందుకు?" అంది. అది ఏడ్చింది. పక్క గదిలో డ్యూటీ బట్టలు వేసుకుంటూ నేను విన్నాను. విని, డ్యూటీకి పోయాను. ఒక అబద్ధం నా బిడ్డ దాకా కూడా వెళ్తుందని నేననుకోలేదు. అనుకుని ఉంటే చెప్పేవాణ్ణా? తెలియదు.

మొన్న చలికాలం సుగుణ గొంతులో గడ్డ లేచింది. కరీంనగర్ దవాఖానలో చూపించాం. ఆపరేషన్ చేస్తే ప్రాణానికి ఫికర్ లేదు గానీ గొంతు మారిపోవచ్చన్నాడు డాక్టరు.

"మారితే మారనీ సారూ," అంది సుగుణ. "గొంతుతోని నాకేం పనున్నది?"

ఆమె పక్క కుర్చీలోనే ఉన్నాను. అప్పుడైనా చెప్పాల్సింది. ఆపరేషన్ కాగితం మీద సంతకం ఎక్కడ చెయ్యాలో అడిగాను.

ఆపరేషన్ బాగానే అయింది. గొంతు మాత్రం బొంగురుపోయింది. నేనిది రాస్తుంటే వంటింట్లో ఫోన్లో మౌనికతో మాట్లాడుతోంది. అవతల దానికి సరిగా వినబడక మళ్లీ మళ్లీ అడుగుతున్నట్టుంది. ఈమె విసుక్కోకుండా చెప్పిందే చెబుతోంది.

ఇప్పుడు ఆమెకు చెబితే ఏమవుతుంది? పాడగలిగినన్నాళ్లూ దాచి, ఇక పాడే వీల్లేదని తెలిశాక చెప్పడం ఇంకో పాపం కాదా? లేక ఇది కూడా నేను తప్పించుకోవడానికి వెతుక్కున్న సాకా? చెప్పే ధైర్యం వస్తుందో రాదో. క్షమించమని మిమ్మల్ని అడగను. అది మీ చేతిలో లేదు.

ఆ రోజు ఆ పిల్ల వచ్చింది. సుగుణ కోసమే వచ్చింది. నేనే పంపించేశాను. ఈ మూడు మాటలు ఇంతకాలం ఎవరి ముందూ పెట్టలేకపోయాను. పెట్టాక ఊపిరి కొంచెం ఆడుతోంది. ఆమెకు మాత్రం ఇంకా ఏమీ తెలియదు.