కోట చూసే మాస్టారు

ఎనభైల మొదట్లో చంద్రగిరిలో ఒక బడిలో తెలుగు చెప్పేవాణ్ణి. మేడ మెట్ల మధ్య కిటికీ ఒకటి ఉండేది. మా లెక్కల మాస్టారు రోజూ అక్కడ ఆగి, సుద్దముక్కల పెట్టె గుండెకు ఆనించుకొని బయటికి చూసేవాడు. ఏమిటని అడిగితే, "కోట సూస్తా ఉండానప్పా" అనేవాడు. పుట్టినప్పటి నుంచీ చూస్తున్న కోటలో కొత్తగా ఏముందని నేను నవ్వేవాణ్ణి.

ఇరవై మూడేళ్ళ వయసులో ఆయనకు కాన్సరు వచ్చింది. మద్రాసులో ఛాతీకి కరెంటు, అంటే రేడియేషన్, పెట్టించుకొని బతికి బయటపడ్డాడు. పూర్తిగా నయమైందని డాక్టరు రాసిచ్చిన కాగితాన్ని పటం కట్టించి, వెంకటేశ్వరస్వామి పటం పక్కన తగిలించుకున్నాడు. ఇంటికి ఎవరు వెళ్ళినా అది చూపించాకే కాఫీ ఇచ్చేవాడు.

జబ్బు నయమైన పన్నెండేళ్ళకు, ఒకరోజు హెడ్మాస్టరు ముందు నోరు విప్పాడు. నేనూ అక్కడే ఉన్నాను.

"జబ్బు పోయింది సార్. ఆ కరెంటే గుండెను దెబ్బతీసిందేమో అంటా ఉండాడు తిరుపతిలో డాక్టరు. మెట్లు ఎక్కలేకపోతా ఉండాను. కింద గది ఇప్పించండి."

కింద గది నాది. హెడ్మాస్టరు నా వైపు చూశాడు.

"నయమైందని ఇంట్లో పటమే కట్టి పెట్టుకున్నాడు గద సార్," అన్నాను.

హెడ్మాస్టరు నవ్వేశాడు. "ఇంకేమప్పా! పోయి పాఠం చెప్పుకో."

మాస్టారు సుద్దముక్కల పెట్టె తీసుకొని మెట్లెక్కాడు. ఎప్పటిలాగే కిటికీ దగ్గర ఆగాడు. ఆ రోజు మాత్రం కోట వైపు చూడలేదు. కింద, నా గది గుమ్మంలో నిలబడ్డ నన్ను చూశాడు.