మా అమ్మ అనని మాట

మొన్న మా చర్చి సంఘపత్రికలో మిషనరీ జర్మను దొరగారి గురించి రెండు పుటలు వేశారు. ఆయన తన దేశంలో చనిపోయి ఏడాది అయిందట. అక్కడి విశ్వవిద్యాలయంలో ఏం చదివారో, ఎన్ని భాషలు వచ్చో, గోదావరి జిల్లాలో ఇన్నేళ్లుండి తెలుగు మాటలు ఎలా పోగుచేశారో, తిరిగి వెళ్లాక పండితులు ఆయన్ను ఎంత గౌరవించారో, అన్నీ ఉన్నాయి. కూలిజనం మాటల మీద ఆయన రాసిన వ్యాసమే నేటికీ ప్రమాణమన్న చోట పత్రిక మడిచి అవతల పడేశాను.

నేను బడిపంతులుగా పనిచేసి దిగిపోయినవాణ్ణి. పదిహేనో ఏట నుంచి ఏ రోజు సంగతి ఆ రోజే డైరీలో రాసుకుంటున్నాను. కోపంలో జ్ఞాపకం దారి తప్పుతుందేమోనని పాత డైరీలు దించి చూశాను. తప్పలేదు.

రాజమండ్రిలో దొరగారి బంగళా వసారాలో నాకు నకళ్లు రాసే పని. అప్పటికే నేను పంతుల్ని, బడి వదిలాక వెళ్లేవాణ్ణి. ఆయన పద్ధతిలో వంక పెట్టడానికి లేదు. ఒక్కో మాటకు ఒక్కో చీటీ. పైన మాట, కింద అర్థం, ఆ కింద చెప్పినవారి వివరం. చీటీలన్నీ అక్షరక్రమంలో చెక్కపెట్టెల్లో ఉండేవి. ఏదైనా వరసలో పెట్టుకోవడం నాకు అబ్బింది ఆయన దగ్గరే. ఇది రాయకపోతే అబద్ధమవుతుంది.

పొలం మాటలు కావాలంటే మా అమ్మను తీసుకెళ్లాను. ఊరి బయట మా పేటలో ఆమెకు తెలియని పొలం పని లేదు. కుర్చీ వేస్తే నవ్వి మెట్టు మీద కూర్చునేది. దొరగారు బొమ్మలు చూపించి అడిగేవారు.

"అమ్మా, దీనిని ఏమందురు?"

"కొడవలండి."

"మరి దీనిని?"

"అదీ కొడవలేనండి. కాపోతే పళ్లు అరిగిపోయాయండి, నాకు మల్లే."

దొరగారు 'నాకు మల్లే' కూడా రాసుకున్నారు.

నాగలి బొమ్మ చూపించినప్పుడు మాత్రం అమ్మ తల దించుకుని "దుక్కికర్రండి" అంది. ఆయన చీటీ రాశారు. పక్కనే ఉన్న నేను లోపల నవ్వుకున్నాను. మా నాన్న పేరూ నాగలీ ఒకే రెండక్షరాలతో మొదలవుతాయి. ఆడమనిషి మొగుడి పేరు నోట అనదు. ఆ పేరు తగిలే మాట కూడా అనదు. మా ఇంట్లో నాగుపాముకు 'మంచి పురుగు' అని పేరు. మేం బాప్తిస్మం తీసుకుని సంఘంలో కలవకముందే నాన్న వాంతిభేదితో పోయాడు. పోయినవాడి పేరునూ ఆమె అలాగే కాపాడుకుంటూ వచ్చింది. ఇది తెలుగువాడికి ఎవరూ చెప్పనక్కర్లేదు. దొరగారికి చెప్పాలి. ఆ రోజు డైరీలో 'దుక్కికర్ర చీటీ దిద్దించవలెను' అని ఉంది. మర్నాటి నుంచి ఆ ఊసే లేదు. ఆ తప్పు నాది.

చీటీ జర్మనీ వెళ్లి వ్యాసమైంది. అచ్చుప్రతి వచ్చిన రోజు దొరగారు నాకు కాఫీ ఇప్పించి సారాంశం చెప్పారు. ఊళ్లో రైతులు నాగలి అంటారట. పేటవాళ్లకు ఆ మాటే లేదట, దుక్కీ కర్రా అతికించి కొత్త మాట చేసుకున్నారట. కాబట్టి వీళ్లు పూర్వం సాగు చేసినవాళ్లు కారట, తాళ్లు పేనుకుని బతికినవాళ్లట. ఒక్క ఆడమనిషి, ఒక్క చీటీ, అంతే. నాగలి మేడి పట్టి పట్టి కాయలు కాసిన మా తాత అరచేతిని నేను చిన్నప్పుడు తడిమి చూశాను. అప్పటికప్పుడే సంగతి చెప్పేశాను. ఆయన ఓపిగ్గా విన్నారు.

"ఆ ఆచారము అన్యులది. మన సంఘపు స్త్రీలలో లేదు. నేనే మాన్పించితిని," అన్నారు.

అక్కడితో పోతే ఆ తప్పు పుస్తకంలోనే పడి ఉండేది. ఆ ఏడు గోదావరి కొత్తగా ఒక లంక వేసింది. ఆ మేట సాగుకు ఇమ్మని మా పేటవాళ్లు కలెక్టరు కచేరీలో అర్జీ పెట్టారు. తరతరాలుగా పరాయి పొలాలు దున్నినవాళ్లకు సొంత నేల దొరికే వీలు అదే మొదటిసారి. కచేరీవారు దొరగారి అభిప్రాయం అడిగారు. ఆయన ఉత్తరం రాసి, శుభ్రంగా నకలు తీయమని నాకిచ్చారు. వీరు నమ్మకస్థులు, కష్టజీవులు, అయితే నా పరిశోధన ప్రకారం సాగు వీరి వంశవృత్తి కాదు, లంక ఇవ్వడం కంటే తాళ్ల పని నేర్పించడం మేలు. అదీ ఉత్తరం.

కలం కింద పెట్టేశాను. "మా అమ్మను తీసుకొస్తానండి. మీరే మళ్లీ అడగండి," అన్నాను.

ఇంటికి వెళ్లి అమ్మకు చెప్పాను. "నేనా మాటంటే లంక ఇచ్చేత్తారా?" అంది.

"ఉత్తరం మారుస్తారమ్మా."

మర్నాడు పొద్దున్న ఆమె మెట్టు మీద కూర్చోలేదు, నిలబడే ఉంది. దొరగారు బొమ్మ చూపించారు. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కాసేపటికి తీసింది.

"నాగలి."

ఎప్పుడూ చివర పెట్టే 'అండి' కూడా పెట్టలేదు. కళ్లంట నీళ్లు కారిపోతున్నాయి.

దొరగారు నా వైపు తిరిగారు. "ఇది నీవు నేర్పిన మాట."

"కాదండి. పుట్టిన కాడ్నుంచీ ఎరుగుదునండి," అంది అమ్మ.

"ఎరిగిన మాటకు ఏడ్చుట ఎందుకు?"

అన్ని భాషలు చదివి, అన్ని పెట్టెల చీటీలు రాసి, మా మధ్య అన్నేళ్లు బతికి ఆయన అడిగిన ప్రశ్న అది! తన వ్యాసం తప్పయితే, ఆ ఆచారం మాన్పించానని చెప్పుకున్న తన ప్రసంగాలూ వట్టివే. ఒక ముసలామె కన్నీళ్లకు రెండూ వదులుకోవడం ఆయన వల్ల కాలేదు. పెట్టె మూసేశారు.

నకలు నేనే తీశాను. 'నేను తీయకున్న వేరొకడు తీయును' అని ఆ రోజు డైరీలో ఉంది. ఇప్పుడు చదివితే ఆ వాక్యం రాసినవాడి మీద కూడా దొరగారి మీదున్నంత కోపమే వస్తోంది.

లంక ఊళ్లో ఒక ఆసామికి పోయింది. కచేరీలో ఆ ఉత్తరం చూసివచ్చిన మా పేట పెద్ద, అందరూ వినేలా మా గుమ్మం ముందు నిలబడ్డాడు. పేటలో ఎవరికి ఏ కాగితం రాయాలన్నా నేనే.

"నాకు సదువు రాదు గానొరే పంతులూ, దస్తూరీ మాత్రం ముత్యాలేరా! ఎవరో మనోడిదే అనుకుంటా."

ఆయన వెళ్లాక పొయ్యి దగ్గర నుంచి అమ్మ అడిగింది.

"ఒరే, నేనన్నది దొరగారు చీటీ మీద రాశారా?"

"లేదమ్మా."

"మరి నాచేత ఎందుకనిపించావురా?"

ఆ తర్వాత ఆమె పదకొండేళ్లు బతికింది. దుక్కికర్ర అన్న మాట కూడా మళ్లీ ఆమె నోట నేను వినలేదు. దాని అవసరం వస్తే అటు చెయ్యి చాపి చూపించేది.