పేజీ తిప్పిన అత్త

ఐర్లండ్‌లోని మా లీట్రిమ్‌లో ఎవరైనా పోతే, చర్చికి వచ్చినవాళ్ల పేర్లన్నీ పేపర్లో వేసేవారు. తాత అంత్యక్రియల వార్తలో పొరుగింటి ప్యాకీ పేరు లేదు. అంతే, మా అట్రాక్టా అత్త ముప్ఫై ఏళ్లు ఆ గడప తొక్కలేదు.

రిటైరయ్యాక లైబ్రరీలో పాత పేపర్లు తిరగేస్తుంటే అదే వార్త కనబడింది. ఈసారి పేజీ తిప్పింది. వెనక ఆ రోజు కురిసిన మంచు గురించిన వార్త. అందులో ఉంది: అందరూ చర్చిలో ఉన్నప్పుడు, గడ్డకట్టిన నేలను గునపంతో పొడిచి తాతకు సమాధి తవ్వినవాడు ప్యాకీ.

అత్త ఆపిల్ టార్ట్ పట్టుకుని పరుగెత్తింది. ప్యాకీ ఇప్పుడు లేడు. కొడుకు మలాకీ తలుపు తీశాడు.

“మీ నాన్న మేలు చచ్చేదాకా మర్చిపోనురా. ముందే చెప్పొచ్చు కదా!”

“సమాధి తవ్వి డప్పు కొట్టుకుంటామా అక్కా? లోపలికి రా. టీ కెటిల్ ముప్ఫై ఏళ్లుగా కాగుతూనే ఉంది.”